ఇల్లు చేరితే నాకు సంతోషం, ఆయనకు దిగులు

ప్రశ్న: మా పుట్టిల్లు విజయనగరం. పెళ్లై రెండేళ్లు దాటింది. మావారు శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు బ్యాంకులో పని చేస్తున్నారు, నేను అక్కడే ఒక ప్రైవేటు పాఠశాలలో టీచరును. నాగావళికి దగ్గరలో ఒక మేడ మీది వాటాలో అద్దెకు ఉంటున్నాం. పెళ్లికి ముందు మావారు ఇద్దరు స్నేహితులతో కలిసి ఇదే వాటాలో ఉండేవారు. అత్తవారి ఊరు నరసన్నపేట దగ్గర ఒక పల్లె. మా ఇద్దరికీ తిరగడం ఇష్టమే. పెళ్లైన కొత్తలో మున్నారు, తర్వాత హంపి, గడచిన సంక్రాంతి సెలవుల్లో కాశీ, ఈ వేసవిలో డార్జిలింగ్ చూసి వచ్చాం. అయితే ఎక్కడికి వెళ్లినా మూడో రోజు వచ్చేసరికి నాకు ఇల్లు గుర్తుకొస్తుంది. తిరిగి వచ్చి తాళం తీసి, కిటికీలు తెరిచి, ఇల్లు ఊడ్చుకొని, ఇంత అన్నం వండి చారు కాచుకుంటే కలిగే సంతోషం నాకు ఏ కొండ మీదా కలగలేదు. మావారు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇల్లు చేరగానే ముఖం వాడిపోతుంది. కాశీ నుంచి వచ్చేటప్పుడు పొగమంచు వల్ల రైలు ఆలస్యమై అర్ధరాత్రి దాటాక ఆమదాలవలసలో దిగాం. పొద్దున్నే ఆయన బ్యాంకుకు వెళ్లిపోయారు, ఆ తర్వాత వారం రోజులు ముభావంగానే ఉన్నారు. డార్జిలింగులో ఒక సాయంత్రం "ఎప్పుడెప్పుడు ఇంటికి పోదామా అనిపిస్తోంది" అని నోరు జారాను. "అంటే నాతో తిరగడం నీకు ఇష్టం లేదన్నమాట" అని నొచ్చుకున్నారు. పండగకు ఊరు రాకుండా కాశీ వెళ్లామని అత్తగారికి కోపం, "ఇల్లు పట్టని మనుషులు" అని అందరి దగ్గరా అంటున్నారు. ఇప్పుడు దసరాకు హిమాచల్ వెళ్దామని మావారి పట్టుదల. నా సంతోషాన్ని దాచుకొని ఆయన వెంట తిరగాలా? ప్రయాణాలు మానేద్దామని చెప్పాలా? తిరిగి రావడమే నాకు ఇష్టమైతే అసలు వెళ్లడం ఎందుకు, ఆ డబ్బు దాచుకోవచ్చు కదా అని మా అక్క అంటోంది. ఆమె మాటే నిజమా?
— ఒక సోదరి, శ్రీకాకుళం

సమాధానం:

అమ్మా,

మీ మూడు ప్రశ్నలకూ ముందుగా సూటిగా జవాబు చెప్పి, ఆ తర్వాత వివరంగా మాట్లాడతాను. మీ సంతోషాన్ని దాచుకోవద్దు. ప్రయాణాలు మానవద్దు. మీ అక్కగారి లెక్కలో మాత్రం ఒక పద్దు తప్పిపోయింది. ఊరు కదలకుండా ఇంట్లోనే ఉన్న మామూలు ఆదివారం నాడు కిటికీలు తెరిచి చారు కాచుకుంటే మీకు అంత సంతోషం కలుగుతోందా? పది రోజులు పరాయి మంచాల మీద పడుకొని, హోటలు కూరల మీద తేలే నూనెకు విసిగి, సంచులు మోసి మోసి వచ్చిన మనిషి నాలుకకే ఆ చారు అంత రుచిగా ఉంటుంది. వెళ్లి రావడానికి అయిన ఖర్చులో ఆ పూట భోజనం కూడా ఉందని ఆమెకు చెప్పండి. డబ్బు గురించి ఇంతకంటే పొడిగించను. నెలనెలా దాచవలసినది దాచి, అప్పు చేయకుండా, క్రెడిట్ కార్డు వాయిదాలు తలకెత్తుకోకుండా వెళ్లగలిగినంత దూరం వెళ్లడంలో తప్పేమీ లేదు.

మూడో రోజుకు ఇల్లు గుర్తుకు రావడాన్ని మీరు ఒక లోపంగా భావిస్తున్నారు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని మన పెద్దలు అనేవారు. రైళ్లు లేని ఆ కాలంలో దూర ప్రయాణం చేసినవారు ఎంత ఉత్సాహంగా బయలుదేరినా మనసులో సగం ఇంటి దగ్గరే వదిలి వెళ్లేవారు. 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన, 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్య తిరిగి మద్రాసు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. తిరుగు దారిలో ఆయన జగన్నాథం (పూరీ), గంజాం మీదుగా మన శ్రీకాకుళం వైపు నుంచే దక్షిణానికి దిగారు. ఆ పదిహేను నెలల పైచిలుకు కాలంలో తాను చూసినది చూసినట్లు రాసి, మద్రాసులోని తన మిత్రునికి పంపుతూనే వచ్చారు. దారి పొడవునా ఊరి వైపు అలా కబురు పంపుతూ ఉన్న మనిషికి ప్రయాణమంటే ఇష్టం లేదని ఎవరమూ అనలేం కదా. కాబట్టి కొత్త ఊళ్లో ఉండగా ఇల్లు తలపుకు రావడం చూసి మిమ్మల్ని మీరు నిందించుకోవలసిన పని లేదు.

అయితే డార్జిలింగులో మీరు అన్న మాట మీ భర్తకు ఎలా వినిపించిందో కూడా ఆలోచించాలి. సెలవులు పోగు చేసుకొని, టిక్కెట్లు దొరకబుచ్చుకొని, గదులు వెతికి, భార్యకు ఒక కొత్త ఊరు చూపించాలని తీసుకువచ్చిన మనిషికి, సగం ప్రయాణంలో "ఎప్పుడెప్పుడు పోదామా" అనే మాట తన శ్రమకు వచ్చిన తీర్పులాగా వినిపిస్తుంది. మీరు ఇంటిని తలుచుకున్నారు, ఆయన తనను కాదన్నారనుకున్నారు. దీనిని సరిదిద్దడం కష్టమేమీ కాదు, కానీ ప్రయాణంలో ఉండగా కాకుండా ఇంట్లో తీరుబడిగా కూర్చున్న వేళ చెప్పాలి. "మీతో తిరగడం నాకు ఇష్టమే, మీతో కలిసి ఇంటికి రావడం ఇంకా ఇష్టం, ఆ రెండో దానిలో మీరు నా పక్కన ఉండడం లేదు, అదే నా బాధ" అని చెప్పి చూడండి. ఇప్పటిదాకా ఆయన వింటున్నది మొదటి సగంలో కొరత గురించే. రెండో సగంలో ఆయన కోసం మీరు ఎదురు చూస్తున్నారన్న సంగతి ఆయనకు తెలిసి ఉండదు.

మీ ఉత్తరంలో నా దృష్టి ఎక్కువసేపు నిలిచినది మాత్రం మీరు దారినపోతూ రాసిన ఒక వాక్యం మీద: పెళ్లికి ముందు ఆయన ఇద్దరు స్నేహితులతో కలిసి ఇదే వాటాలో ఉండేవారన్నారు. ఆ వాటా మీకు ఎలాంటిదో ఊహించగలను. పుట్టింట్లో అమ్మ సర్దిన వంటగదిలో, అత్తవారింట అత్తగారు సర్దిన వంటగదిలో మసలిన మీకు, పోపుల డబ్బా ఎక్కడ ఉండాలో మీరే నిర్ణయించిన మొదటి ఇల్లు అది. సారెలో వచ్చిన గిన్నెలు, మీ జీతంతో కొన్న మిక్సీ, మీరు కుండీలో వేసిన తులసి అన్నీ అక్కడే ఉన్నాయి. తాళం తీసినప్పుడు మీరు మీ సొంత రాజ్యంలోకి అడుగు పెడుతున్నారు. ఆయనకు అదే తలుపు వెనుక ఉన్నది, ఉద్యోగం కోసం అద్దెకు తీసుకొని, చాపలు పరుచుకొని, కర్రీ పాయింటు నుంచి తెచ్చిన కూరలతో రోజులు గడిపిన మేడ గది. గోడలకు రంగు మారి, కర్టెన్లు వచ్చి ఉండవచ్చు, కానీ ఆయన మనసులో ఇల్లంటే నరసన్నపేట దగ్గరి పల్లెలోని ఆ ఇల్లే అయి ఉంటుంది. మీరిద్దరూ ఒకే రైలు దిగి, ఒకే ఆటో ఎక్కి, రెండు వేరు వేరు చోట్లకు చేరుకుంటున్నారు. ఆయన దిగులుకు కారణం ప్రయాణం ముగియడం ఒక్కటే అయితే అది రెండు రోజులకు తగ్గాలి. వారం రోజులు ఉంటోందంటే, చేరిన చోట ఆయనకు చేరినట్టు అనిపించడం లేదన్నమాట.

దీనికి ఉపన్యాసాలు పనికిరావు. ఆ వాటాలో ఆయనకు సంబంధించినది ఏముందో ఒకసారి లెక్క చూడండి. లాప్‌టాప్ సంచి, నాలుగు జతల బట్టలు, హెల్మెట్టు మాత్రమే కనిపిస్తే, ఈసారి ఊరు వెళ్లినప్పుడు ఆయన చదువుకునే రోజుల నాటి వస్తువులేవైనా, పుస్తకాలైనా, క్యారమ్ బోర్డైనా, మామగారు వాడకుండా అటక మీద పెట్టిన పడక కుర్చీ అయినా అడిగి తెచ్చుకోండి. తెచ్చినది ఎక్కడ పెట్టాలన్నది ఆయన్నే నిర్ణయించనివ్వండి, మీ సర్దుబాటు కొంత చెదిరినా సరే. చక్కగా సర్దుకున్న ఇంటి మధ్యలోకి ఒక పాత పడక కుర్చీ వచ్చి కూర్చుంటే మీ కంటికి నచ్చకపోవచ్చునని నాకు తెలుసు, అయినా దానిని భరించమనే సలహా ఇస్తాను. వీలైతే ఏడాదిలోగా వేరే ఇల్లు చూసుకోండి, ఆ వెతుకులాటకు ఇద్దరూ కలిసే వెళ్లండి. బ్రహ్మచారిగా ఉన్న గదిలోనే కాపురం పెట్టిన మగవారిలో చాలామందికి అది ఇల్లుగా మారడానికి ఇల్లు మారవలసి రావడం నేను చూశాను.

ఇక తిరిగి రావడాన్ని మీరు ఏర్పాటు చేసుకుంటున్న తీరు. కాశీ నుంచి వచ్చిన రాత్రిని మీరు ఒక్క వాక్యంలో ముగించారు గానీ, అందులో ఇద్దరికీ దక్కినది సమానం కాదు. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో, అక్కడి నుంచి ఊళ్లోకి సుమారు 13 కిలోమీటర్లు. అర్ధరాత్రి దాటాక రైలు దిగి, ఆటోవాడు అడిగినంత ఇచ్చి, మేడ మెట్ల మీద సంచులు ఈడ్చుకుంటూ వచ్చి, రెండు గంటలు కూడా కన్ను మూయకుండా చొక్కా ఇస్త్రీ చేసుకొని బ్యాంకుకు వెళ్లిన మనిషికి తాళం తీయడమూ, కిటికీలు తెరవడమూ, చారు కాగడమూ ఏమీ కనబడవు. ఆయన నేరుగా రైలు నుంచి కౌంటరు దగ్గరికి వెళ్లినట్టే. మీకు బడి తెరవడానికి ఇంకా వ్యవధి ఉండి ఉంటుంది, అందుకే మీకు ఇల్లు దొరికింది, ఆయనకు ఆఫీసు దొరికింది. ప్రయాణంలో ఒక ఊరు తగ్గించుకొని అయినా సరే, ఇల్లు చేరిన మర్నాడు ఒక పూర్తి రోజు ఆయనకు సెలవు మిగిలేలా చూసుకోండి. నా సలహాలన్నిటిలో ముందుగా పాటించవలసినది ఇదే. చలికాలంలో ఉత్తరాది రైళ్లు పొగమంచులో చిక్కుకుంటాయి గనుక, ఆ నెలల్లో వెళ్లినప్పుడు ఇంకొక రోజు అదనంగా ఉంచుకోండి.

టిక్కెట్టు తీసుకునేటప్పుడు మనమంతా వెళ్లే తేదీని ముందు చూస్తాం, తిరుగు టిక్కెట్టు ఏది దొరికితే అది తీసుకుంటాం. మీరు తిరుగు తేదీని ముందు నిర్ణయించుకోండి. 2024 నవంబరు నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషను గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది గనుక, ఏ తేదీన తిరుగు టిక్కెట్లు తెరుస్తారో కాలెండరులో గుర్తు పెట్టుకొని ఆ ఉదయమే కూర్చోవాలి. తత్కాల్‌ను నమ్ముకొని దూర దేశంలో చివరి రోజు ఫోను పట్టుకొని కూర్చుంటే, ఆ రోజు చూడవలసినదీ చూడలేరు, తిరిగి వచ్చే సంతోషమూ మిగలదు.

బయలుదేరే ముందు ఇంటి విషయంలో కొంత శ్రద్ధ పెట్టాలి. గ్యాసు కట్టేయడం, పాలవాడికి చెప్పడం, తులసి కుండీ ఇంటావిడకు అప్పగించడం మీరు ఎలాగూ చేస్తారు. సింకులో ఒక్క గిన్నె కూడా మిగలకుండా కడిగి బోర్లించి, మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి, డబ్బాలో రెండు పూటలకు సరిపడా బియ్యం, కందిపప్పు, చింతపండు ఉన్నాయో లేదో చూసుకొని వెళ్లే పనిని మాత్రం ఇద్దరూ పంచుకోండి. తన చేతులతో దుప్పటి పరిచి వెళ్లిన మనిషికి, తిరిగి వచ్చి దాని మీద వాలినప్పుడు ఆ పని గుర్తుకు వస్తుంది. వచ్చిన రోజు పొయ్యి వెలిగించి మొదటి టీ కాచే పని ఆయనకు వదిలేయండి. మీరు కిటికీలు తెరుచుకోండి. ఊడ్చడం, ఉతకడం మర్నాటికి వాయిదా వేసినా కొంపలు మునగవు. ఇల్లు చేరిన మరుక్షణం మీరు చీపురు పట్టుకుంటే, ఆనందంగానే పట్టుకున్నా సరే, చూసేవారికి సెలవు అయిపోయిందని గంట కొట్టినట్టే ఉంటుంది.

ప్రయాణాల తీరు గురించి కూడా ఒక మాట. మూడో రోజుకు మీకు ఇల్లు గుర్తుకు రావడంలో కొంత అలసట పాలు కూడా ఉందేమో చూసుకోండి. డార్జిలింగులో టైగర్ హిల్ సూర్యోదయం కోసం తెల్లవారుజామున చీకట్లోనే లేచి జీపు ఎక్కి, అదే రోజు బొమ్మ రైలూ, తేయాకు తోటలూ, బౌద్ధ విహారాలూ చుట్టేసి, మర్నాడు మరో ఊరికి సామాను సర్దుకునే పద్ధతిలో వెళ్లి ఉంటే, ఎంత ఇష్టమైన మనిషి పక్కన ఉన్నా మూడో రోజుకు సొంత దిండు గుర్తుకు రాక మానదు. హిమాచల్ విషయంలో ఈ లెక్క మరీ ముఖ్యం. ఇక్కడి నుంచి ఢిల్లీ చేరడానికే దాదాపు ఒకటిన్నర రోజు, అక్కడి నుంచి మనాలికి బస్సులో మరో రాత్రి పడుతుంది. రానూపోనూ కలుపుకుంటే పది రోజుల్లో సుమారు సగం చక్రాల మీదే గడుస్తుంది. మిగిలిన అయిదు రోజుల్లో సిమ్లా, మనాలి, ధర్మశాల మూడూ చూడాలనుకుంటే చూసేది రోడ్డునే. ఒక్క చోటు ఎంచుకోండి. సిమ్లా అయితే కాల్కా నుంచి 1903లో మొదలైన 96 కిలోమీటర్ల చిన్న రైలు మార్గం ఉంది, ఆ రైలులో కూర్చోవడమే ఒక రోజు వినోదం. వంట చేసుకునే వీలున్న గది దొరికితే ఒక పూట అన్నం వండుకోండి. ఇంటి మీది బెంగ కొంత అక్కడే తీరుతుంది, మీ భర్తకు కూడా మీరు ఆ ఊళ్లో హాయిగా ఉన్నారన్న తృప్తి ఉంటుంది.

ఆయనకు తిరగాలన్న ఆరాటం ఏడాదికి రెండు పెద్ద ప్రయాణాలతో తీరేది కాదని కూడా నాకు అనిపిస్తోంది. వారం రోజుల ముభావంలో ఫోను చూస్తూ కూర్చునే మనిషిని రెండో ఆదివారమే బండి ఎక్కించండి. శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాల శిథిలాల దగ్గర నిలబడితే కింద వంశధార కనిపిస్తుంది. అక్కడి నుంచి కళింగపట్నం దగ్గరే, ఆ నది సముద్రంలో కలిసే చోటూ, దీపస్తంభమూ చూసి చీకటి పడే లోగా ఇల్లు చేరవచ్చు. ఇంకో ఆదివారం శ్రీముఖలింగం, చలికాలంలో పెలికాన్ పక్షులు గూళ్లు కట్టే తేలినీలాపురం వెళ్లి రావచ్చు. దూరాలు చూసిన దంపతుల్లో చాలామంది సొంత జిల్లా చూడరు, అది వేరే సంగతి. ఇక్కడ నా ఉద్దేశం ఏమిటంటే, ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చే చిన్న ప్రయాణాలలో ఇల్లు చేరడం ఆయనకు శిక్షలాగా ఉండదు, వెంటనే మర్నాడు సెలవు అయిపోయిందన్న దిగులూ పెద్దగా ఉండదు. మీకు చారు కాచుకునే పూట దక్కుతుంది.

మీ అత్తగారి కోపం న్యాయమైనదే. సంక్రాంతికి కొడుకూ కోడలూ రాకపోతే భోగి మంట ముందు ఆమెను ఊళ్లో పదిమందీ పలకరించి అడిగి ఉంటారు, ఆ పదిమందికీ ఆమె ఒక్కతే జవాబు చెప్పుకొని ఉంటారు. దానికి మీరిద్దరూ బాధ్యులే గానీ, మాట మాత్రం కోడలి మీదికే వస్తుంది. అందుకని సంక్రాంతి ఊరికి, దసరా ప్రయాణానికి అని మీ భర్త స్వయంగా వాళ్ల అమ్మగారికి చెప్పాలి, మీరు చెప్పకూడదు. చెప్పిన తర్వాత తప్పకూడదు. కాశీ నుంచి తెచ్చిన గంగ చెంబు ఇంకా మీ దగ్గరే ఉంటే, దానిని పల్లెకు తీసుకువెళ్లి ఒక మంచి రోజు చూసి కాశీ సమారాధన చేయండి. బంధువులను పిలిచి, గంగ పూజ చేసి, భోజనాలు పెట్టి, వచ్చినవారికి కాశీ దారాలు పంచే ఆ ఆచారంలో, క్షేమంగా తిరిగి వచ్చినవారిని చూసి నలుగురూ సంతోషించే అవకాశం ఉంది. అదీ ఆమె ఇంట్లో, ఆమె చేతుల మీదుగా జరిగితే, పండగకు రాలేదన్న మాట అక్కడితో చల్లబడుతుంది. మీ భర్తకూ తాను ఇల్లు అనుకునే చోటికి ఆ ప్రయాణం నుంచి ఆలస్యంగానైనా తిరిగి వచ్చినట్టు ఉంటుంది. ఇకపైన ఎక్కడికి వెళ్లి వచ్చినా ఆ వారంలోగా ఒక పూట పల్లెకు వెళ్లి, చూసినవి ఆమెకు చెప్పి, ఫోటోలు చూపించి రండి. మామగారినీ, ఆమెనూ ప్రతిసారీ వెంట తీసుకువెళ్లవలసిన అవసరం లేదు. ఆమె ఎప్పటినుంచో చూడాలనుకుంటున్న చోటు ఏదైనా ఉందేమో అడిగి, ఒక్కసారి తీసుకువెళితే చాలు.

దసరా ప్రయాణానికి ఒప్పుకోండి, అయితే ఒక షరతు పెట్టండి. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం మీ పుట్టింటి ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. మీ చిన్నప్పటి నుంచి మీరు చూస్తున్న ఆ పండగకు ఆయన ఇంతకుముందు వచ్చారో లేదో మీరు రాయలేదు. ఆదివారానికల్లా శ్రీకాకుళం చేరి, ఆ ఒక్క రోజు ఎక్కడికీ కదలకుండా ఉండి, సోమవారం తొలేళ్ల నాటికి, అంటే ఉత్సవానికి ముందు రోజుకు, విజయనగరం వెళ్లేలా తేదీలు కుదుర్చుకోండి. మూడు లాంతర్ల కూడలి దగ్గర ఆ జనంలో నిలబడి, పూజారి కూర్చునే పొడవైన ఆ సిరిమాను కోట వైపు కదులుతుంటే మీరు ఆయనకు చూపించండి. సంచులు సర్దడం, టిక్కెట్లు వెతకడం, ఊరు చూపించడం ఎప్పుడూ ఆయన పనే అయింది, ఈ ఒక్క ఊరు మీరు చూపించవలసినది. సెలవు విషయంలో బ్యాంకువారితో ఇప్పుడే మాట్లాడుకోమనండి, పండగల దగ్గర అందరూ అడుగుతారు.

ఈ జవాబును ఆయనకు చదివి వినిపించాలనుకుంటే వినిపించండి, ఆయన ఏ ప్రయాణం నుంచీ తిరిగి వచ్చిన వారంలో మాత్రం వద్దు. పడక కుర్చీ సంగతి ముందుగా మామగారిని అడగండి, దాని మీద ఆయన ఇంకా మధ్యాహ్నాలు కునుకు తీస్తున్నారేమో.